జర్మనీ బొగ్గుసీమకు సకుటుంబ రైలు ప్రయాణము



రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు సింగరేణి గనులలో పనిచేసి విశ్రాంతి గొన్న పెద్దలలో కొందఱి బిడ్డలు నేడు పరదేశములలో నివసించుచున్నారు. సెలవులలో తల్లిదండ్రులను రప్పించుకొని నాలుగూళ్లు చూపవలెనని వారి కోరిక. అట్టి పిలుపు జర్మనీ నుండి వచ్చినయెడల, ఆ దేశపు పడమటి భాగముననున్న రూరు బొగ్గుసీమను మనవారు చూచి రావలయునని నా యభిప్రాయము. రాజధానియగు బెర్లిను నుండి అచ్చటికి రైలులోనే పోవచ్చును. ఆ ప్రయాణమున కుటుంబపెద్ద యెఱిగియుండవలసిన సంగతులను మనవి చేసెదను.

కాజీపేట బల్లార్షా మార్గము 1929లో పూర్తియైనది మొదలు మద్రాసు ఢిల్లీ బండ్లు మన రామగుండము మీదుగ నడచుచున్నవి. కావున రైలు మనకు క్రొత్త గాదు. అయినను మన యలవాట్లు కొన్ని అచ్చట పనికిరావు.

మనదేశమున రిజర్వేషను టిక్కెట్టు చేత నున్నచో ఆ చోటు మనదే. అచ్చట దూరపు బండ్లలో ప్రయాణపు టిక్కెట్టు వేఱు, కూర్చుండు చోటు వేఱు. చోటునకు మఱికొంత రుసుము చెల్లింపవలయును. చెల్లింపనిచో ఇతరులు కోరుకొనని ఖాళీ స్థలమున కూర్చుండవచ్చును గాని, అది దొరకునన్న నమ్మకము లేదు. వృద్ధులును పిల్లలును వెంటనున్నప్పుడు ఆ రుసుము విషయమున పొదుపు చూపుట తగదు.

స్టేషను ద్వారమున టిక్కెట్టు అడుగువారు కానరారు. తనిఖీ బండిలో జరుగును. టిక్కెట్టు లేనివారికి తక్కువలో తక్కువ 60 యూరోల అపరాధ రుసుము విధింతురు.

ఇక ముఖ్యవిషయము. బెర్లిను నుండి వచ్చు కొన్ని బండ్లు నిజమునకు రెండుబండ్ల జోడు. అవి హమ్ అను స్టేషనున విడిపోవును. ఒకటి డార్ట్‌మండు, ఎస్సెను పట్టణముల వైపునకును, రెండవది వుప్పర్టాలు మీదుగ కొలోను వైపునకును సాగిపోవును. ఒకప్పుడు దక్షిణ్ ఎక్స్‌ప్రెస్సునకు కాజీపేటలో విశాఖపట్టణపు లింకు పెట్టెలను కలుపుటయు విడదీయుటయు చూచినవారికి ఇది తేలికగా బోధపడును. అయితే జోడుబండ్ల నడుమ లోపలినుండి దారి యుండదు. తాతగారొక బండిలోను మనుమడు వేఱొక బండిలోను ఎక్కినచో, హమ్ దాటిన పిమ్మట ఒకరికొకరు చేరువ కారు. కావున పెట్టె ప్రక్కన వ్రాసిన చేరవలసిన ఊరిపేరును చదువుకొని, అందఱును ఒకే తలుపున ఎక్కవలయును. ప్లాట్‌ఫారము మీద పెట్టె నిలుచు తావును అక్షరములు తెలుపును. తలుపు దానంతట తెఱచుకొనకున్న మీట నొక్కవలయును. ఒకవేళ ఎడబాటు కలిగినచో, దిగువ మిగిలినవారు కదలక అచ్చటనే యుండవలెననియు, బండిలో సాగినవారు తరువాతి స్టేషనున దిగి నిలువవలెననియు ఇంటనే నిర్ణయించుకొనుట మేలు. అందఱి ఫోను నంబర్లును కాగితముమీద వ్రాసి పిల్లల జేబులలో నుంచుడు.

ఎస్సెను చేరిన పిమ్మట దగ్గఱి రైళ్లకును, ట్రాములకును, బస్సులకును ఒకే నెలసరి టిక్కెట్టు గలదు. 2023 మే 1వ తేదీన 49 యూరోలతో ఇది మొదలైనది. 2025లో వెల 58 యూరోలైనది. దూరపు వేగపుబండ్లలో ఇది చెల్లదు. ఇది చందా వంటిది. వద్దని నెల 10వ తేదీలోగా తెలుపనియెడల మఱుసటి నెలకును సొమ్ము పట్టుకొందురు. నెలరోజులకు వచ్చిన అతిథులకు ఈ చిక్కు తప్పక తగులును. ఆఱేండ్లలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కఱలేదు.

ఎస్సెనులోని సోల్‌ఫెరైను గని 1986లో మూతపడినది. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గనినుండి బొగ్గును పైకి తెచ్చిన ఇనుప గోపురము నేటికిని నిలిచియున్నది. దానినిగూర్చి మన గనిపెద్దలకు ఎవరును వివరింప నక్కఱలేదు. ఆ దేశపు కడపటి రాతిబొగ్గు గని 2018 డిసెంబరు 21వ తేదీన బొట్రాపులో మూయబడినది. ఎస్సెనునకు పొరుగున నున్న బోఖుము పట్టణమున గనుల ప్రదర్శనశాల గలదు. భూమిక్రింద సొరంగములను నిర్మించి పనితీరు చూపుదురు. బోఖుము ప్రధాన స్టేషనున దిగి, యు-35 అను నగరపు బండి నెక్కినచో అది ప్రదర్శనశాల చెంతనే నిలుచును. దానికిని ఆ నెలసరి టిక్కెట్టే చాలును.