పనిచేయించు విద్య

కందిచేను పరీక్షింప నెరిగిన అధికారికి మనుష్యులచేత పనిచేయించుటయు వచ్చునని తలంపరాదు. అది వేరు విద్య. క్రిందివారికి పని పంచలేనిచో కాయతొలుచు పురుగు వార్త కచేరీలోనే నిలుచును; తాండూరు చేలలో పూత పోవును.

ఇట్టి శిక్షణకై హైదరాబాదున 1976లో నెలకొల్పబడిన పరిపాలనా సంస్థకు పిమ్మట డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారి పేరిడిరి. వారు వికారాబాదు ప్రాంతమువారే. 1952లో హైదరాబాదు రాష్ట్ర వ్యవసాయమంత్రి. విస్తరణాధికారులకై రాజేంద్రనగరమున 1987లో ప్రత్యేక జాతీయసంస్థ యేర్పడెను. పని పంచుట, తనిఖీచేయుట, రైతు మొర వినుట నేర్వవలసినవి. వినుటయే కష్టతరము!

సభ్యులారా, శిక్షణమునుండి వచ్చిన అధికారిని సంఘసభకు పిలువుడు. మన గ్రామమునకు ఎవరు, ఏ దినమున వత్తురో, రానిచో ఎవరికి తెలుపవలెనో అడిగి సంఘపు పుస్తకమున వ్రాయించుకొనుడు. పూతకు ముందే అడుగుడు.