జీరో టికెట్

చార్జీ ఉండవలసిన చోట సున్న మాత్రమే కల చిన్న కాగితమును కండక్టరు తన యంత్రమునుండి చించి, ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిన స్త్రీ చేతికిచ్చునదే జీరో టికెట్. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆరంభమైన మహాలక్ష్మి పథకము ననుసరించి, రాష్ట్రవాసులైన బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో రాష్ట్రపు సరిహద్దు వరకు ఉచితముగా పయనింపవచ్చును. ఆ ప్రయాణపు చార్జీ సొమ్మును ఆర్టీసీకి ప్రభుత్వము చెల్లింపవలసియున్నందున, లెక్కకై ఈ టికెట్ తప్పనిసరియైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేర ఇట్టి పథకమే మొదలైనది.

కూలికి, ఆసుపత్రికి, కళాశాలకు పోవువారికి దీనివలన కలిగిన మేలు విదితమే. కాని నన్నాకర్షించునది వేరొకటి. కొడుకునకు సెలవు దొరకినగాని గుడి ముఖము చూడజాలని ముదుసలి, ఇప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలతో కూడి, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకొని, రెండు బస్సులు మారి వేములవాడ గుడికి పోయి, ధర్మదర్శనపు వరుసలో నిలిచి, మిగిలిన చార్జీ డబ్బులతో మనుమరాలికి గాజులు కొనుచున్నది. బస్సులో కాలు మోపుటకు చోటు లేదను సణుగుడు న్యాయమే, ఆటోవారి గిరాకి పడిపోయెనను మొరయు నిజమే. విహారము కలవారి సొత్తని తలచువారు మాత్రము ఆ ఊరి బస్టాండులో ఒక సోమవారము నిలిచి చూడవలెను.