ఆశ్రయం ఇచ్చే చేయి, అర్జీ రాసే కలం

ఇల్లూ వాకిలీ వదిలి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారికి ముందుగా కావలసినవి అన్నం, నీళ్ళు, తలదాచుకునే చోటు. ఇది అందరికీ తెలిసిన విషయమే. కానీ వారం తిరిగేసరికి వారికి మరొకటి అవసరమవుతుంది. అదే కాగితం! పేరేమిటి, ఎక్కడ పుట్టారు, ఏ దేశస్థులు అన్నది ముద్ర వేసి చెప్పే కాగితం. అది లేనివారికి ఉద్యోగం దొరకదు, అద్దెకు ఇల్లు దొరకదు, పిల్లలకు బడిలో చోటు దొరకదు. ఉక్రెయిన్ ముస్లిముల గాథ మనకు ఈ సత్యాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

తాతల గడ్డపై విదేశీయులు

ఉక్రెయిన్‌కు దక్షిణాన నల్లసముద్రంలోకి చొచ్చుకుని ఉన్న ద్వీపకల్పం క్రిమియా. అక్కడి తాతార్లు శతాబ్దాలుగా ముస్లిములు. 1944 మే 18న స్టాలిన్ ప్రభుత్వం ఆ జాతి మొత్తాన్ని గూడ్సు బండ్లలో ఎక్కించి స్వస్థలం నుంచి తరలించడం మొదలుపెట్టింది. మూడు రోజుల్లో సుమారు 1,90,000 మంది పోయారు. ఎక్కువమందిని ఉజ్బెకిస్తాన్‌లో దింపారు. దారిలోనూ, ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ వేలాదిమంది ఆకలితో, జబ్బులతో మరణించారు.

1980ల చివర వారికి స్వస్థలానికి తిరిగివచ్చే అవకాశం కలిగింది. అంతలో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. స్వతంత్ర ఉక్రెయిన్ పౌరసత్వ చట్టం 1991 నవంబర్ 13న అమలులోకి వచ్చింది. ఆనాటికి దేశంలో నివసిస్తున్నవారు పౌరులయ్యారు. తర్వాత వచ్చినవారు చిక్కుల్లో పడ్డారు. వారు ముందు ఉజ్బెకిస్తాన్ పౌరసత్వం వదులుకున్నట్లు పత్రం తేవాలి. దానికి దాదాపు వంద డాలర్ల రుసుము, నెలల తరబడి నిరీక్షణ. గుడిసె వేసుకుని బతుకుతున్న కుటుంబం అంత సొమ్ము ఎక్కడినుంచి తెస్తుంది? తాతముత్తాతల సమాధులున్న నేలపైనే వారు విదేశీయులుగా మిగిలారు. ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, పంచిన భూమిలో వాటా లేదు.

ఈ ముడి 1998లో వీడింది. ఆ ఏడాది ఉక్రెయిన్, ఉజ్బెకిస్తాన్ ప్రభుత్వాలు పద్ధతిని సులభం చేసేందుకు ఒప్పుకున్నాయి. అయితే ఒప్పందం దానంతట అదే ఇంటింటికీ నడిచి రాదు కదా! ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, దానితోపాటు స్థానిక స్వచ్ఛంద సేవకులు ప్రజలకు విషయం వివరించి దరఖాస్తులకు సాయపడ్డారు. అప్పుడే వేలాదిమందికి పౌరసత్వం దక్కింది.

మళ్ళీ వలస

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది. ఏప్రిల్ 18లోగా ‘మాకు వద్దు’ అని రాసి ఇవ్వని వారందరినీ రష్యా పౌరులుగా లెక్కగట్టింది. వేలాది తాతార్లు మళ్ళీ మూటలు కట్టుకుని కీవ్, ఖెర్సన్, ల్వీవ్ ప్రాంతాలకు తరలిపోయారు. ఆక్రమిత ప్రాంతంలో పుట్టిన బిడ్డకు అక్కడి అధికారులు ఇచ్చే జనన పత్రాన్ని ఉక్రెయిన్ గుర్తించదు. ఆ బిడ్డ పుట్టిన సంగతిని ఉక్రెయిన్ కోర్టులో నిరూపించి పత్రం పొందాలి. 2014లో పుట్టిన ‘క్రిమియా ఎస్.ఓ.ఎస్.’ అనే స్వచ్ఛంద సంస్థ ఇటువంటి పనుల్లో నిర్వాసితులకు దారి చూపింది.

ల్వీవ్‌లోని ఇస్లామిక్ సాంస్కృతిక కేంద్రానికి ముహమ్మద్ అసద్ పేరు పెట్టారు. 1900లో ఆ నగరంలోనే యూదు కుటుంబంలో పుట్టి, 1926లో ఇస్లాం స్వీకరించిన పండితుడాయన. మన హైదరాబాద్‌తోనూ ఆయనకు అనుబంధం ఉంది. 1936లో మార్మడ్యూక్ పిక్తాల్ మరణించాక, నిజాం పోషణలో వెలువడిన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు కొంతకాలం సంపాదకత్వం వహించారు. 1939లో ప్రపంచయుద్ధం మొదలవగానే శత్రుదేశస్థుడని బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించింది. 1945లోగాని విడుదల కాలేదు. అదే యుద్ధకాలంలో ఆయన తండ్రిని, సోదరిని నాజీలు పొట్టనబెట్టుకున్నారు. నాజీల బాధితుడినే నాజీల మనిషిగా జమకట్టింది ఒక కాగితం! అలాంటి వ్యక్తి పేరున్న కేంద్రం 2022లో యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారికి తలుపులు తెరిచింది.

అక్షరం తేడా వస్తే...

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి ప్రారంభమయ్యాక లక్షలాది ఉక్రెయిన్ ప్రజలు సరిహద్దులు దాటారు. ఐరోపా సమాఖ్య మార్చి 4న వారికి తాత్కాలిక రక్షణ ప్రకటించింది. నివాసం, పని, చదువు, వైద్యం పొందే హక్కు ఇచ్చింది. తర్వాత దాన్ని విడతలుగా 2027 మార్చి 4 వరకు పొడిగించారు. హక్కు ఉన్నా, అది చేతికి రావాలంటే నమోదు కావాలి. నమోదుకు గుర్తింపు రుజువు కావాలి. గడువు తీరిన పాస్‌పోర్టులు, ఇంటితో కాలిపోయిన పత్రాలు, తెలియని భాషలో ఫారాలు... ఒకటి తీరితే మరొకటి. పైగా పేర్ల గొడవ. ఒకే పేరు రష్యన్ పద్ధతిలో ఒకలా, ఉక్రెయిన్ పద్ధతిలో మరోలా ఉంటుంది. తల్లి పత్రంలో ఒక అక్షరం, బిడ్డ పత్రంలో మరో అక్షరం పడితే సంబంధాన్ని రుజువు చేసుకోవలసిందే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘మహమ్మద్’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’ అని పడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మన కుటుంబాలకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి వేళ భాష తెలిసిన ఒక పొరుగువాడు పక్కన కూర్చుని ఫారం నింపితే, ఆఫీసుకు తోడు వెళితే, ఆ కుటుంబానికి కొండంత బలం.

ధర్మం ఏమంటోంది?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ ఏ విషయం గురించో తెలుసా? బఖరా సూరాలోని 282వ ఆయత్. అప్పు పత్రం రాసుకోవడం గురించి! రాయడం వచ్చినవాడు రాయనని నిరాకరించరాదని, ఆ విద్యను నేర్పింది అల్లాహ్‌యే గనుక రాసిపెట్టాలని అందులో ఆదేశం ఉంది. ఆ ఆదేశం రుణ వ్యవహారానికి సంబంధించినదే అయినా, చదువు వచ్చినవాడిపై రానివాడికి హక్కు ఉందన్న నీతి అందులో స్పష్టం.

మక్కా నుంచి వట్టి చేతులతో వచ్చిన ముహాజిర్లను మదీనా అన్సార్లు తమ ఇళ్ళలో చేర్చుకున్నారు. తమకు లేమి ఉన్నా ఇతరులకే ప్రాధాన్యం ఇచ్చిన వారి గుణాన్ని హష్ర్ సూరా ప్రశంసించింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) అంతటితో ఆగలేదు. మదీనా ఒడంబడికలో ఖురైష్ ముహాజిర్లను ఒక వర్గంగా పేర్కొని లిఖితపూర్వకమైన స్థానం కల్పించారు. అన్నం పెట్టిన చేయి ఎంత ముఖ్యమో, పేరు రాసిన కలం అంత ముఖ్యం.

సోదర సోదరీమణులారా! మన వీధిలోనూ ఫారం చేతబట్టుకుని ఎవరిని అడగాలో తెలియక నిలబడే వితంతువు ఉంటుంది. గల్ఫ్ నుంచి పత్రాలు సరిలేక తిరిగివచ్చిన కూలి ఉంటాడు. జుమా నమాజు తర్వాత మస్జిదు అరుగుపై చదువుకున్న యువకులు ఒక గంట కూర్చుంటే చాలు. ఎదుటివారి మతం అడగనక్కరలేదు, రుసుము తీసుకోనక్కరలేదు. వారి రహస్యాలు మాత్రం అమానతుగా కాపాడాలి. తెలియని విషయం తెలిసినట్లు చెప్పకూడదు.

అల్లాహ్ నిర్వాసితులందరినీ క్షేమంగా స్వగృహాలు చేర్చుగాక! మనకిచ్చిన అక్షరాన్ని పరుల కష్టం తీర్చడానికి వినియోగించే సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.