మందు కంటే ముందు మట్టి

పురుగుమందు తగలని కూరగాయలను ఇంటిల్లిపాదీ కలిసి పండించుకోవాలన్న కోరిక ఏ ఊరిలోనైనా విత్తనాల వేటతో మొదలవుతుంది గాని, ముంబయి రహదారి వెంట గణేశ్ గడ్డ ఆలయానికీ కర్మాగారాల గోడలకూ నడుమ పెరిగిన రుద్రారంలో మాత్రం అది మట్టితో మొదలు కావాలి. దగ్గర్లోని పటాన్‌చెరు చుట్టూ 1970ల నుంచి వెలసిన ఔషధ, రసాయన పరిశ్రమల మురుగు నక్కవాగు ద్వారా మంజీరకు చేరిన వైనం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనం, ఈ పారిశ్రామికవాడ నేలల్లో క్రోమియం, ఆర్సెనిక్ వంటి భారలోహాలు మోతాదుకు మించి ఉన్నట్లు చూపింది. అంతమాత్రాన ఈ ప్రాంతంలోని ప్రతి పెరడూ పాడైనదని కాదు. ఏది పాడైనదో కంటితో చూసి చెప్పలేమన్నదే చిక్కు.

పురుగుమందుకూ ఈ లోహాలకూ స్వభావంలోనే తేడా ఉంది. కాయ మీద మిగిలిన మందు, అంటే అవశేషం, ఎండకూ కాలానికీ క్రమంగా విచ్ఛిన్నమవుతుంది కాబట్టే పిచికారీకీ కోతకూ మధ్య ఇన్ని రోజులు ఆగాలన్న నియమం ఉంటుంది. ఆ నియమాన్ని ఎవరు ఎంతవరకు పాటిస్తున్నారో తెలియకపోవడమే జనాన్ని పెరటి సాగు వైపు నడిపిస్తోంది. లోహం అలా విచ్ఛిన్నం కాదు. వేరు పీల్చుకున్నది ఆకులోనూ దుంపలోనూ ఎక్కువగా, కాయలో సాధారణంగా తక్కువగా చేరుతుంది, కడిగితే పైదుమ్ము పోతుందే తప్ప లోపలిది పోదు. ఆవుపేడ ఎంత వేసినా, వేపకషాయం ఎన్నిసార్లు చల్లినా నేలలోని లోహం తొలగిపోదు.

మామూలు భూసార పరీక్ష ఆమ్ల క్షార గుణాన్నీ, నత్రజని, భాస్వరం, పొటాష్‌లనూ చెబుతుంది; భారలోహాల పరీక్షను విడిగా అడిగి చేయించుకోవాలి. అది కుదరనివారికి కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో చేసి చూపి ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట మంచి దారి. దూరపు ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపిన మడులకు బోరునీటికి బదులు మిషన్ భగీరథ నల్లా నీరో, తొలి జల్లును వదిలేసి పట్టిన వాననీరో వాడవచ్చు. కుండీల కోసం చౌకగా దొరికే పాత రసాయన డ్రమ్ములను కొనడం, ముఖ్యంగా లోపల ఏముండేదో తెలియనివాటిని కొనడం, వదిలించుకోవాలనుకున్న విషాన్నే ఇంటికి తెచ్చుకోవడమవుతుంది.

మడులు సిద్ధమైన తరువాత పురుగును అదుపు చేసేది కషాయం కంటే ముందు కళ్ళే, కుటుంబం అవసరమయ్యేది ఇక్కడే. ఆకుల అడుగున గుడ్ల సముదాయాలను వెతకడంలో పిల్లలు పెద్దలను మించిపోతారు. వంగ మొక్క కొన వాలిపోయిందంటే లోపల కాయతొలుచు పురుగు ఉన్నట్లే, ఆ కొనను కాస్త కిందికి తుంచి నాశనం చేయాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే. పేనుబంక కనబడగానే కంగారుపడనక్కరలేదు, దానిని తినే అక్షింతల పురుగులు వెంటనే రావచ్చు. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లితే, అందులోని అజాడిరక్టిన్ పురుగు తిండినీ ఎదుగుదలనూ అడ్డుకుంటుంది.

విత్తనం విషయంలో రుద్రారం ఉన్న జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతం వైపు చూడవచ్చు; పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు నాటు విత్తనాన్ని ఇంట్లోనే దాచుకునే అలవాటును నిలబెట్టారు. చిక్కుడు, టమాట వంటివాటి నాటు రకాల విత్తనం ఏటేటా దాచినా గుణం పెద్దగా మారదు. సొర, బీర మాత్రం పక్కింటి రకంతో కలిసిపోతాయి. నేల మీద అనుమానం ఉండి, మిద్దెపై చోటు చాలనివారు పాలకూర, పుంటికూర, మెంతి, ముల్లంగిలను మడులకే పరిమితం చేసి, సొర, బీర, కాకర తీగలకు నేలలో పందిరి వేసుకోవడం కొంత మేలు. అదీ మట్టి పరీక్ష ఫలితం చేతికొచ్చే వరకే.