ఎర్రచుక్క అబద్ధమాడితే

కంప్యూటర్ టెలిస్కోపు కొత్తగా కొన్నవాళ్లు మొదటి రాత్రి తిట్టుకునేది కంప్యూటర్‌నే. రిమోట్‌లో శనిగ్రహం పేరు ఎంచి మీట నొక్కుతారు. మోటార్లు గుర్రుమంటూ గొట్టాన్ని తిప్పి ఒకచోట ఆపుతాయి. కన్ను పెట్టి చూస్తే చీకటి తప్ప ఏమీ ఉండదు. యంత్రం పాడైందనుకుని మళ్లీ పెట్టెలో సర్దేసేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది గొట్టం నెత్తిన కూర్చున్న వేలెడంత గురిచూపును. ఓ ప్లాస్టిక్ చట్రం, వంపు తిరిగిన చిన్న అద్దం, నాణెమంత బ్యాటరీ, అద్దంలో ఓ ఎర్రచుక్క, అంతే. చూస్తే ఆటవస్తువులా ఉంటుంది గానీ కంప్యూటర్‌కు ఆకాశాన్ని పరిచయం చేసేది అదే.

ఆ ఎర్రచుక్కది మంచి వంశం. డబ్లిన్‌లో టెలిస్కోపులు తయారుచేసే హోవర్డ్ గ్రబ్ 1900లో తుపాకులకు, ఫిరంగులకు కొత్తరకం గురి కనిపెట్టాడు. అంతవరకూ గురి చూడాలంటే కన్ను, గొట్టం కొసనున్న బొడిపె, దూరాన ఉన్న లక్ష్యం మూడూ ఒకే గీత మీదికి రావాలి. దగ్గరిదాన్నీ దూరపుదాన్నీ ఒకేసారి స్పష్టంగా చూడటం కంటి వల్ల కాదు. గ్రబ్ ఏం చేశాడంటే, వెలుతురు చుక్కను వంపు అద్దం నాభి దగ్గర పెట్టాడు. దాని కిరణాలు అద్దం మీద పడి సమాంతరంగా కంటికి చేరతాయి. ఎంతో దూరాన ఉన్న వస్తువు నుంచి వచ్చే కిరణాలూ సమాంతరంగానే వస్తాయి కాబట్టి, చుక్క నక్షత్రాల పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. తల అటూ ఇటూ జరిపినా లక్ష్యాన్ని వదలదు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో యుద్ధవిమానాలకెక్కిన ఈ ఉపాయం, 1970ల చివర్లో అమెరికాలో స్టీవ్ కుఫెల్డ్ చేసిన టెల్రాడ్‌తో టెలిస్కోపుల మీదికి వచ్చింది. టెలిస్కోపుల మనిషి కనిపెట్టింది టెలిస్కోపును చేరడానికి ముప్పావు శతాబ్దం పట్టిందన్నమాట! గ్రబ్‌కు మనతో చుట్టరికం కూడా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటలో స్థిరపడింది. అక్కడి 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ సంస్థదే.

గురి కుదరడం ఎంత పెద్ద సంగతో గుంటూరుకు బాగా తెలుసు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన ప్రాంతం మీదుగా బంగాళాఖాతంలోకి దాటింది. బాపట్ల దగ్గరి మన కర్లపాలెం కూడా ఆ నీడ దారిలోనే ఉంది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశాడు. బ్రిటిష్ బృందంతో టెనెంట్ కూడా అదే ఊళ్లో దిగాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. చీకటి ఉండేది ఐదు నిమిషాల పైచిలుకు. అంతలోనే జాన్సెన్ తన వర్ణపటదర్శిని సన్నటి చీలికను సూర్యుడి అంచున లేచిన మంటనాలుక మీద నిలపాలి. నిలిపాడు. మెరిసే గీతలు కనిపించాయి, ఆ మంటలు ముఖ్యంగా హైడ్రోజన్ వాయువని తేలింది. గీతలు ఇంత కాంతిగా ఉంటే గ్రహణం లేని రోజున కూడా చీలికను సరైన చోట పెట్టి చూడొచ్చు కదా అని ఆయనకు అప్పుడే తట్టింది. మర్నాడు మామూలు సూర్యుడి అంచునే వాటిని మళ్లీ చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత తర్వాత హీలియం కనుగొనడానికి దారితీసింది.

గురి కుదిరాక దాన్ని నిలుపుకోవడం రెండో తలనొప్పి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కదలని టెలిస్కోపులోంచి చందమామ తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతాడు. 1824లో ఇప్పటి ఎస్తోనియాలోని తార్తు పట్టణానికి ఫ్రాన్‌హోఫర్ చేసిచ్చిన టెలిస్కోపులో ఒక గడియార యంత్రం ఇరుసును భూమికి ఎదురు తిప్పేది. ఆ ఇరుసు ధ్రువం వైపు వాలి ఉండాలి. ఆ ఏర్పాటు బరువైంది, ఖరీదైంది. పక్కకీ పైకీ తిరిగే సాదా ముక్కాలిపీట మీద పెడితేనేమో రెండు ఇరుసులనూ క్షణక్షణం మారే వేగాలతో తిప్పాలి. ఆ లెక్క గడియారానికి అందదు, చిప్పు చేస్తుంది. 1987లో సెలెస్ట్రాన్ కాంప్యుస్టార్, 1992లో మీడ్ ఎల్ఎక్స్200 వచ్చాయి. 1999 నుంచి నెక్స్‌స్టార్ లాంటి చిన్న యంత్రాలు ఇళ్లకు చేరాయి. రెండు నక్షత్రాలు చూపించి వాటి పేర్లు చెబితే చాలు, ఆకాశం తనకు ఎటు తిరిగి ఉందో యంత్రం లెక్కగట్టుకుంటుంది. ఆ రెండూ తప్పు చూపిస్తే మిగతావన్నీ నమ్మకంగా తప్పే చూపిస్తుంది.

ఇక కర్లపాలెంలో అలాంటి టెలిస్కోపును నిలబెడదాం. పని ఎండ ఉండగానే మొదలవ్వాలి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, కిలోమీటరు అవతలి తాటిచెట్టు మొవ్వునో సెల్ టవర్ కొసనో నడిమధ్యకు తేవాలి. చెట్టు తలకిందులుగా కనిపిస్తే కంగారు వద్దు, అద్దాల టెలిస్కోపు గుణమే అంత. తర్వాత గొట్టం కదలకుండా గురిచూపు మరలు తిప్పి ఎర్రచుక్కను అదే కొస మీద కూర్చోబెట్టాలి. పది మీటర్ల అవతలి ఎదురింటి పిట్టగోడతో సరిపెట్టుకోకూడదు. గురిచూపుకీ గొట్టానికీ మధ్య జానెడు ఎడం ఉంటుంది, అంత దగ్గర కలిపిన చూపులు ఆకాశంలో దాదాపు ఒక డిగ్రీ విడిపోతాయి. 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న నెక్స్‌స్టార్ 130 ఎస్ఎల్‌టీలో ఆ ఐపీస్‌కు అందేది రెండు డిగ్రీల ఆకాశం. ఒక డిగ్రీ తప్పితే నక్షత్రం అంచుకు పోయినట్టే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: సూర్యుడున్న దిక్కుకు గొట్టం తిప్పొద్దు. ఒక్క క్షణంలో కన్ను పోతుంది.

సాయంత్రం ముక్కాలిపీటను తాపీమేస్త్రి రసమట్టంతో సరిచూడాలి. ఇసుక నేలైతే కాళ్ల కింద పలకలు వేయాలి. పెన్సిల్ సెల్స్ తొందరగా అయిపోతాయి, 12 వోల్టుల కరెంటు ఇచ్చుకోవడం మేలు. తర్వాత రిమోట్ ఊరు అడుగుతుంది: 15 డిగ్రీల 56 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 33 నిమిషాల తూర్పు. బాపట్ల అంకెలు వేసినా కొంప మునగదు. మునిగేది టైము దగ్గర. మనం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందున్నాం, ఆ అరగంట వదిలేస్తే ఆకాశం ఏడున్నర డిగ్రీలు జరిగిందని యంత్రం అనుకుంటుంది. అమెరికా యంత్రం నెల ముందు, తేదీ తర్వాత వేయమంటుంది. వేసవి టైము ఉందా అంటే లేదనాలి. ధ్రువనక్షత్రం కోసం వెతకొద్దు. మనకది 16 డిగ్రీల ఎత్తులో కొబ్బరిచెట్ల వెనక ఉంటుంది, ఈ పీటకు దాంతో పనిలేదు.

రిమోట్‌లో ఆల్డెబరాన్ అని ఉంటే మన రోహిణి, ఆర్క్‌ట్యూరస్ అంటే స్వాతి, సిరియస్ అంటే లుబ్ధకం. సంక్రాంతి రోజుల్లో రాత్రి 9 గంటలకు రోహిణి దాదాపు సరిగ్గా కర్లపాలెం నడినెత్తిన ఉంటుంది. ఎర్రగా ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. అయినా దాన్ని ఎంచుకోకండి. నడినెత్తిన కాస్త జరగాలన్నా పక్కకు తిరిగే ఇరుసు సగం చుట్టు చుట్టాల్సి వస్తుంది. ఆగ్నేయాన లుబ్ధకం, ఉత్తరాన బ్రహ్మహృదయం మంచి జంట. రెండోది రిమోట్‌లో కపెల్లా. ముందు ఎర్రచుక్కతో పట్టి, తర్వాత ఐపీస్‌లో నడిమికి తేవాలి. సెలెస్ట్రాన్ యంత్రాల్లో చివరి జరుపు పై బాణం, కుడి బాణంతోనే ముగించాలి. పళ్లచక్రాల మధ్య సందు అప్పుడు ఒకే వైపుకు సర్దుకుంటుంది. గొల్లకావిడి (ఒరాయన్ నడుము చుక్కలు) కింది నీహారికను మొదటి పరీక్షగా పెట్టండి. తీరపు తేమకు గురిచూపు అద్దం మసకబారితే నోటితో ఊదకండి, ఇంకా మసకబారుతుంది. పొడిగుడ్డతో మెల్లగా అద్దండి.

ఇప్పుడు ఎర్రచుక్క అక్కర్లేని టెలిస్కోపులు వచ్చాయి. 2023 నాటి సీస్టార్ ఎస్50 తనే ఆకాశాన్ని ఫొటో తీసి, చుక్కల అమరికను బట్టి తను ఎటు చూస్తోందో తేల్చుకుంటుంది. బొమ్మ ఫోన్‌లో కనిపిస్తుంది. పనితనంలో దానికి వంకపెట్టలేను. కానీ ఇంట్లో పిల్లల కోసం కొనేవాళ్లు ఎర్రచుక్క ఉన్నదే కొనండి. లుబ్ధకం ఏదో రోహిణి ఏదో ముందు వాళ్లకు తెలిస్తేనే రెండు నక్షత్రాల పద్ధతిలో దాని గురి కుదురుతుంది. పని అయ్యాక చుక్క స్విచ్ ఆపడం మరవకండి. అందులోది సాధారణంగా సీఆర్2032 బ్యాటరీ, వాచీల కొట్టులో దొరుకుతుంది. ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి.