పంటకుంట లైనింగుకు కాంక్రీటు అంచనా: కదిరి ఎర్ర నేలలకు ఒక లెక్క

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. కదిరి ప్రాంతంలో వర్షాధారంగా సాగయ్యే వేరుశనగకు ఊడలు దిగే దశలోను, కాయ ఊరే దశలోను బెట్ట తగిలితే ఒక్క రక్షక తడి దిగుబడిని నిలబెడుతుంది. ఎకరానికి 25 మి.మీ. తడి ఇవ్వడానికి దాదాపు 101 ఘనమీటర్ల నీరు కావాలి. ఎర్ర నేలలో తవ్విన కుంటలో ఆ నీరు నిలవాలంటే లైనింగు అవసరం. కాంక్రీటు లైనింగును ఎంచుకున్నచోట సరుకు మధ్యలో చాలకపోతే మేస్త్రీ మందం తగ్గించడమో, పని ఆపి మరునాడు అతుకు వేయడమో జరుగుతుంది. నీరు కారేది అక్కడే.

పైభాగం 10 × 10 మీ., అడుగు 5 × 5 మీ., లోతు 2.5 మీ., ప్రక్కవాలు 1:1 గల కుంటను ఉదాహరణగా తీసుకుందాం. దీని నిల్వ సామర్థ్యం సుమారు 146 ఘనమీటర్లు. లైనింగు మందం 7.5 సెం.మీ. అనుకుంటే, పైవైశాల్యమైన 100 చదరపు మీటర్లను మందంతో గుణించి 7.5 ఘనమీటర్లని తేల్చడం సహజంగా జరిగే పొరపాటు. కాంక్రీటు పరచేది వాలు మీద. కొలవవలసింది వాలు పొడవు. అది 2.5 మీ. కాదు, 3.54 మీ. నాలుగు ప్రక్కలకు 106, అడుగుకు 25, వెరసి 131 చదరపు మీటర్లు. గట్టుపై 30 సెం.మీ. అంచు చుట్టూ వేస్తే మరో 12.4 చదరపు మీటర్లు చేరుతుంది. ఈ అంచు లేనిచోట వాననీరు లైనింగు వెనుకకు దిగి మట్టిని కోస్తుంది కాబట్టి దీనిని వదలరాదు. మొత్తం 143.4 చదరపు మీటర్లకు 10.76 ఘనమీటర్ల తడి కాంక్రీటు కావాలి.

పొడి సరుకు కలిపి కూరినప్పుడు ఖాళీలు పూడి పరిమాణం తగ్గుతుంది. అందుచేత 1.54తో గుణించగా 16.57 ఘనమీటర్లు వస్తుంది. 1:2:4 మిశ్రమంలో ఇందులో ఏడవ వంతు సిమెంటు. ఘనమీటరుకు 1440 కిలోల చొప్పున 3408 కిలోలు, అనగా 68 బస్తాలు. వృథాకు 5 శాతం కలిపితే 72. ఇసుక 4.7, కంకర 9.5 ఘనమీటర్లు. పైవైశాల్యంతో వేసిన లెక్కలో 48 బస్తాలే తేలి, వృథాను కలపకముందే 20 బస్తాల లోటు ఏర్పడేది.

పలుచని పొరలో అసలు చిక్కు మందమే. చేతితో చెక్కిన వాలు ఎగుడుదిగుడుగా ఉండి సగటున 1 సెం.మీ. అదనంగా పడితే 1.43 ఘనమీటర్లు, అంటే తొమ్మిది బస్తాలు మింగుతుంది. అదనపు సిమెంటు కొనడం కంటే వాలును దిమ్మిసతో కొట్టి, తాడు పట్టి సరిచేయడం చవక. ఇసుక తడిగా ఉంటే 20–30 శాతం ఉబ్బుతుంది గనుక ఘనపరిమాణంతో కొలిచేటప్పుడు ఆ మేరకు పెంచాలి. ట్రాక్టరు ట్రాలీల పరిమాణం ఒకేలా ఉండదు; తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి లెక్కించాలి.

అంచనాలో నీటిని చేర్చడం సాధారణంగా మరుస్తారు. బస్తాకు 30 లీటర్లు మించకుండా కలిపినా సుమారు 2,100 లీటర్లు కావాలి. క్యూరింగుకు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. వేసవిలో పని పెట్టుకునే కదిరి రైతు ట్యాంకరు ఖర్చును సిమెంటు ఖర్చుతోపాటే వ్రాసుకోవాలి. కనీసం 10 రోజులు తడి గోనెపట్టలు కప్పి ఉంచగల నీటి ఏర్పాటు కుదిరిన తరువాతే కంకర తోలించుకోవాలి.