షూబిల్ పక్షియు జాలరులును

ఆఫ్రికాలోని యుగాండా దేశమున, విక్టోరియా సరస్సు నంటి మబంబా యను చిత్తడినేల కలదు. పక్షులను చూడవచ్చు యాత్రికులను జాలరులు చిన్న పడవలలో జమ్ము నడుమ కొనిపోయి షూబిల్ పక్షిని చూపుదురు. దాని యెత్తు సుమారు 4 అడుగులు. ముక్కు బూటువలె నుండును.

ఈ పక్షి చాలసేపు కదలక నిలుచును. అది సోమరితనము గాదు. ఆ బురదనీటిలోని యొకజాతి చేప గాలి పీల్చుటకై పైకి రాక తప్పదు. వచ్చినంతనే పక్షి దానిని పట్టును.

జాలరులకును ఆ చేపయే కావలయును. అదియుఁగాక, ఈ పక్షి కంటఁబడిననాఁడు వల వట్టిపోవునని నమ్మి, పూర్వము వారు దానిని చంపుచుండిరి. షూబిల్ తఱచుగా 2 గ్రుడ్లు పెట్టినను సాధారణముగా ఒక్క పిల్లయే పెరుగును. కావున ఒక పక్షి చచ్చినను ఆ లోటు త్వరగా తీరదు.

తరువాత యాత్రికులు రాసాగిరి. పక్షిని చూపినందులకు జాలరులకు కూలి దొరకెను. చంపిన చేతులే దానిని కాపాడసాగెను. 2006లో ఆ నేల రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేరెను.

బాలబాలికలారా, అపశకునమని మన యూళ్లలో తఱుమఁబడు గుడ్లగూబను గూర్చియు ఇట్లే విచారింపుఁడని కోరుచున్నాము. దేవుని సృష్టిలో నొకదానిని నిందించుటకు ముందు, దాని బ్రదుకుతెరువును తెలిసికొనుట మన విధి.